ముత్యాన్ని లేపినోడు

అరవై ఎనిమిదిల గోదావరిఖనిల అర్ర దొరుకుడంటె అదృష్టం కిందనే లెక్క. బొగ్గు బాయిలు కొత్తకొత్తయి తవ్వుతుండిరి, ఊర్లకెళ్లి మనుషులు ముల్లెలు నెత్తిన పెట్టుకొని దిగుతుండిరి, పండేతందుకు మాత్రం జాగ లేదు. లస్మవ్వ అని ఒక ముసలమ్మ ఉండె. మొగడు పోయినంక తన రేకుల ఇంట్ల వెనుక అర్రను కిరాయికిచ్చింది. ఆ అర్రల పట్టేది ఒక్కటే నులకమంచం. కిరాయికున్నది ముగ్గురు.

అదెట్ల అంటరా? కంపెనీకి మూడు షిఫ్టులు, మంచానికి సుత మూడు షిఫ్టులు. పొద్దుగాల ఏడింటికి బాయి దిగినోడు మూడింటికి వచ్చి మంచమెక్కుతడు. మూడింటికి పోయినోడు రాత్రి పదకొండుకు వచ్చి వాన్ని లేపి తాను పండుతడు. రాత్రి షిఫ్టోడు తెల్లారినంక వచ్చి ఈన్ని లేపుతడు. వారం తిరిగితె షిఫ్టు మారుతది, షిఫ్టు మారితె నిద్ర మారుతది. నిద్ర సుఖమెరుగదంటరు గని, అది టైమెరుగకుంట ఉండదు. ఆ సంగతి ఆ మంచం మీద పండినోళ్లనడిగితె చెప్తరు.

ముగ్గురిల పెద్ద తోమాసు. యాభై దగ్గరవడ్డ మనిషి, మాట తక్కువ, ఆదివారమొస్తె తెల్లంగి తొడుక్కొని చర్చికి పోతడు. రెండోటోడు ముత్యం. మూడోటోడు మన ఎల్లేశం. మన అంటున్న గని నాకేం కాడు. అసొంటోడు చుట్టమైనా నేను బయటికి చెప్పుకోను.

ఎల్లేశానికి బాయిల ఎనిమిదేండ్ల సర్వీసు. సర్దార్ అయితనని ఊరంత డప్పు కొట్టుకుంట తిరుగుతుండె. సర్దార్ అంటె భూమి లోపల ఒక జాగకు పెద్దమనిషి. పైకప్పును కర్రతోని తట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చెయ్యుండ్రి, అక్కడ నిలవడకుండ్రి అని చెప్పేటోడు. పది మంది పానం ఆయన చెవుల ఉంటది. ఎల్లేశం ఇంక కాలేదు గని, నడక మాత్రం అప్పుడే సర్దార్ నడక. తట్ట మోసేటోళ్లు వానికి గొడ్లు. ఊర్లకెళ్లి వచ్చినోళ్లు ఎడ్డోళ్లు. తోమాసు చేతకాని ముసలోడు. "నిద్రనా? నిద్రను నేను అంగీ జేబుల వేసుకొని తిరుగుత. కావాలంటె తీస్త, వద్దంటె పెడ్త" అంటుండె. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్నట్టు, వాని మాటలన్ని గట్లనే ఉండేటివి.

వాని నోటికి అందరికన్న ఎక్కువ దొరికింది ముత్యమే. ముత్యానికి నలభైకి రెండు తక్కువ. రెండేండ్లు వాన పడక, భూమి పడావు పెట్టి, పెండ్లాం సారవ్వను, ఇద్దరు పిల్లలను, ఒక బర్రెను ఊర్ల ఇడిసి వచ్చిండు. పొద్దుతోని లేచి పొద్దుతోని పండిన ఒళ్లు అది. పట్టపగలు పండుమంటె ఎట్ల పండుతది? కిటికీకి గోనెసంచి కొట్టిండు. నెత్తికి ఆముదం పెట్టిండు. కండ్లమీద తడిగుడ్డ వేసుకున్నడు. చాయ మానేసి అంబలి తాగిండు. అన్ని చేసి పొర్లంగ పొర్లంగ, లేచే యాళ్లకు నిద్ర పట్టేది. అప్పుడు లేపితె ఇగ సోయి ఉండదు. కండ్లు తెరిచి ఉంటయి గని లోపల మనిషి ఉండడు. "ఏ షిఫ్టు?" అని అడుగుతడు. పొద్దుగూకే యాళ్ల వేపపుల్ల నములుకుంట వాకిట్ల నిలవడి తూర్పు ఏదని వెతుకుతడు.

ఎల్లేశానికి ఇది మంచి ఆట. ముత్యం ఆదమరిచి పండిన మునిమాపు చూసి, షిఫ్టు సైరన్ మోగకున్నా "కూతేసింది లేవయ్యా" అనేటోడు. ఆయన పండ్లు తోముకొని, గిన్నె పట్టుకొని, బాయి దాక ఉరికేటోడు. అక్కడ గేటుకాడ నలుగురు పగలబడి నవ్వేటోళ్లు. ముత్యం సుత నవ్వి తిరిగొచ్చేటోడు. కోపం చేసుకునుడు ఆయనకు రాదు. తోమాసు ఒకసారి వద్దని చెప్పిండు. ఎల్లేశం వినలేదు.

జేష్ఠం నెలల ఒక శనివారం అయ్యింది అసలు సంగతి. ముత్యానిది రాత్రి షిఫ్టు. తెల్లారి వచ్చిండు గని నల్లల నీళ్లు రాక, ట్యాంకరు కోసం నిలవడి, వండుకొని తినేసరికి పగటి పూట ఒకటైంది. ఇంత లేటైంది, నేను పొద్దుగూకేదాక పండుత, ఎల్లేశానికి చెప్పుమని లస్మవ్వకు చెప్పి పండిండు. ఎల్లేశానిది ఆ వారం పొద్దుగాల షిఫ్టు. పోలేదు. కల్లు దుకాణంల కూసుండి రెండున్నరకు వచ్చిండు. మంచం మీద ముత్యం గుర్రు కొడుతుండు. ముత్యం మాట లస్మవ్వ వానికి చెప్పి, బిందె పట్టుకొని ట్యాంకరు కాడికి పోయింది.

కింద పండుకో అని ముత్యానికి ఒక్క మాట అంటె సరిపోతుండె. నిద్రల కూడ ఆయన సరే అని దిగేటోడు. కని ఎల్లేశానికి అంత మాట సుత దండుగనిపించింది. ఈ ఎడ్డోన్ని బతిమిలాడుడేంది అనుకున్నడు. భుజం పట్టి ఊపిండు. లే, షిఫ్టులు మారినయి, ఇయ్యాల్టి నుంచి నీది మూడింటిది అని చెప్పిండు. అప్పుడే బాయి మీద కూత సుత వేసింది. ముత్యం లేచిండు, చెప్పులేసుకున్నడు, పోయిండు. ఆయన పోయేది చూడకుంటనే ఎల్లేశం ఎచ్చగున్న జాగల ఒరిగిండు.

బాయి కాడ దీపాల కోసం లైన్ల నిలవడ్డ తోమాసు చూసి, నీది రాత్రిది కదా అని అడిగిండట. షిఫ్టు మారిందట అన్నడట ముత్యం. ఆ పూట ఒకడు రాలేదు, గుమాస్తా ఈయనను పంపిండు. రాత్రంత పని చేసి, గంటన్నర పండి, మల్ల పని. మాపు ఏడు గంటల యాళ్ల, బొగ్గు మోసే టబ్బుల పట్టాల పక్కన కూసుండి కునుకు పట్టిండు. కాళ్లు పట్టాల మీదికి జారినయి. టబ్బులు ఆగలేదు.

వార్త ఇంటికి వచ్చినప్పుడు ఎల్లేశం పండే ఉన్నడు. లస్మవ్వ ఏడ్చుకుంట లేపితె, ఆవులించి, "సోయిలేనోడు. గట్లనే పోతడని నేను ఎప్పుడో అన్న" అన్నడు. మనిషి పుట్టుక పుట్టినోడు అనే మాటనా అది?

మూడొద్దులకు సారవ్వ వచ్చింది. ఏడుపు అయిపోయిన ముఖం. ఆయన అంగీ, గిన్నె మూట కట్టుకొని వాకిట్ల కూసున్నది. ఊర్ల ఆయన తాగి బాయి దిగిండని అంటున్నరట. బడిల పిల్లల ముఖం మీదనే అంటున్నరట. కల్లు వాసన పడని మనిషాయె. తోమాసు తనకు తెలిసింది చెప్పిండు, షిఫ్టు మారిందట అని ఎవలో చెప్పినట్టే అన్నడని. అప్పుడామె ఎల్లేశాన్ని అడిగింది.

"అన్నా, ఆయనను ఎవలు లేపిండ్రే?"

"నాకేం తెలుసు? తనంతల తానే లేచి పోయిండు."

"ఆయన తనంతల తాను లేవడు. పదిహేనేండ్లు నేనే లేపిన."

గుమ్మడికాయల దొంగంటె భుజాలు తడుముకున్నట్టు, ఎల్లేశం మెడమీది తువ్వాల దులుపుకున్నడు. వచ్చే నెల సర్దార్ పరీక్ష. ఈ ముచ్చట బాయి మేనేజరు పెద్ద దొరకు చేరిందంటె పరీక్ష పాయె, కర్ర పాయె. మనుషుల పానం చూసుకోవాల్సిన కొలువు మంచం కోసం మనిషిని పంపినోనికి ఎవలిస్తరు? చెప్పులేసుకొని బయటికి పోయిండు. సారవ్వ పొద్దుగూకేదాక అక్కడ్నే కూసుండి, బస్సుకు పోయింది.

ఆ వారమంత ఎల్లేశానిది రాత్రి షిఫ్టు. అంటె ఇదివరకు ముత్యం పండిన టైమే ఇప్పుడు వీనిది. ఒకడు తగ్గిండు, మంచం సుకమైంది అనుకున్నడు ఆ పుణ్యాత్ముడు. పండిండు. నిద్ర పట్టింది. ఎంతసేపైందో, భుజం మీద చెయ్యి పడ్డది. ఎచ్చని చెయ్యి, బొబ్బలు గట్టివడ్డ అరచెయ్యి. కోపం లేదు అందుల. పాపం లేపక తప్పది అన్నట్టు, మెల్లగ రెండుసార్లు ఊపింది. కూతేసింది అని చెవికాడ ఎవలో అన్నరు. ఎల్లేశం లేచిండు. అర్ర చీకటిగ ఉన్నది. పుల్ల నోట్ల పెట్టుకొని, దీపం టోపీ చేత పట్టుకొని వాకిట్లకు వచ్చిండు.

పొద్దు నడినెత్తిన ఉన్నది. నల్లకాడి ఆడోళ్లు వీన్ని చూసి మూతికి కొంగులడ్డం పెట్టుకున్నరు. ముత్యం తెలివి నీకు ఇచ్చిపోయిండా అని ఒకామె అడిగింది. ఎల్లేశం లస్మవ్వ మీదికి లేచిండు, ఎందుకు లేపినవని. ఆమె బియ్యంల రాళ్లేరుకుంట దర్వాజలనే ఉన్నది, అర్రలకు ఎవలూ పోలేదన్నది.

రెండొద్దులకు మల్ల గదే. ఈసారి బాయి గేటు దాక పోయిండు. నవ్వుడు ఎట్లుంటదో వాని చెవులకు అప్పుడు తెలిసింది. తనదాక వస్తె గని తెల్వదంటరు, ఊకెనే అనరు. వారం మారింది, షిఫ్టు మారింది, చెయ్యి మాత్రం మానలేదు. పొద్దుగాల పండినా, రాత్రి పండినా, నిద్ర ఇట్ల లోతుకు పోంగనే భుజం మీద పడుతుండె. బజారుల గడియారం కొన్నడు. అది గంట కొట్టిందో, తాను కొట్టిందనుకున్నడో తెల్వది. లేచి చూస్తె ఐదు. పొద్దటి ఐదా, మాపటి ఐదా? గడియారం ఆ ముక్క చెప్పదు.

దొంగతనంగ ఆముదం పెట్టిండు. అంబలి తాగిండు. తడిగుడ్డ వేసుకున్నడు. ఆ మనిషి చేసినప్పుడు ఇకిలించిన పనులన్ని ఒక్కటి ఇడవకుంట చేసిండు. కండ్లకింద గుంటలు పడ్డయి. ఒకనాడు తోమాసు లేపితె, "ఏ షిఫ్టు?" అన్న మాట వాని నోట్లకెళ్లే వచ్చింది. ఆ మాట విని వానికి సిగ్గయింది. భయం ఇంకా కాలేదు. గంత పొగరు.

ముత్యాన్ని లేపింది వీడేనని తోమాసుకు అర్థమైంది. మంచం అంచుకు కూసుండి, సారవ్వ కాడికి పోయి ఉన్నదున్నట్టు చెప్పుమన్నడు, చెప్తె నిద్ర పడుతదన్నడు. నీ నీతులు మీ పాదిరికి చెప్పుకో అన్నడు ఎల్లేశం. ఒక్క పరీక్ష దాటితె కర్ర చేతికి వస్తది, క్వార్టరు వస్తది, ఈ మంచం ఇడిసిపెట్టి పోవచ్చు. వాని ఆశంత దాని మీదనే. అయినోడు, కానోడు అందరి ముందట కర్ర పట్టుకొని నడవాలె. దానికోసం ఆ సోమవారం పొద్దుగాల ఏడింటికి సోయితోని లేవాలె. గంతే.

పరీక్ష బాయి లోపల్నే. పెద్ద దొర వచ్చి, కప్పు తట్టిచ్చి, ఏం చప్పుడైందో చెప్పుమంటడు. ముందటి రోజు ఆదివారం, బాయికి సెలవు. తోమాసు మందమర్రిల బిడ్డ ఇంటికి పోతున్నడు. సోమవారం ఐదింటికల్ల వచ్చి నేనే లేపుత, నా గొంతు విన్నంకనే లెవ్వు, ఇంకెవలు లేపినా లేవకు అని చెప్పి పోయిండు. మంచి మాటే చెప్పిండు. ఎల్లేశం ఉతికిచ్చిన తెల్లంగి కొయ్యకు తగిలేసి, పగటి పూట నాలుగింటికి పండిండు.

కండ్లు తెరిచేసరికి అర్రల సగం వెలుతురు.

గోనెసంచి పోగుల నుంచి ఎర్రటి వెలుగు గీతలు గీతలుగ గోడ మీద పడుతున్నది. ఏ ఎరుపు అది? పొద్దు పొడిచేదా, గూకేదా? చెవి పెట్టి విన్నడు. కోడి లేదు. పిల్లల లొల్లి లేదు. లస్మవ్వ దగ్గు లేదు. ఎక్కడ్నో సన్నగ బొగ్గుపొయ్యి పొగ వాసన. దాని మీద ఆముదం వాసన. తన నెత్తిదే అనుకున్నడు.

చెయ్యి భుజం మీద్నే ఉన్నది.

"లే... కూతేసింది."

తోమాసు గొంతా అది? కావచ్చు. కాకపోవచ్చు. మల్లోసారి అడుగుదామనుకునేలోపల బాయి మీద కూత నిజంగనే వేసింది. పొడుగ్గ, ఆగకుంట. ఆదివారం బాయి బందు, కూత వెయ్యరు. అంటె ఇది సోమవారం. గంతే లెక్క. ఎల్లేశం దిగ్గున లేచిండు. నిద్రను జేబుల వేసుకునేటోడు, తోమాసు చెప్పిన మాటను దిండు కింద మరిచిండు. తెల్లంగి తొడుక్కున్నడు. దర్వాజ దాటిండు.

తొవ్వల మనిషి లేడు. ఏడింటి షిఫ్టుకు పోయే తొవ్వ ఎట్లుంటది? సైకిళ్లు, బీడీలు, దగ్గులు, తిట్లు... ఏవీ లేవు. కుక్కలు సుత లేవు. తొందరగ వచ్చిన అనుకున్నడు. ఆకాశం ఒక్క తీరుగ ఎర్రగున్నది, నాలుగు దిక్కుల. తూర్పు ఏదో తెల్వలేదు. నిలవడి వెతికిండు. వెతుకుతున్న అని సోయి రాంగనే తల దించుకొని నడిచిండు.

దీపాల రూము కిటికీ తెరిచే ఉన్నది. లోపల చీకటి. ఎవలు? అని అడిగిండు. దీపం మాత్రం పలక మీద జరుగుకుంట ముందటికి వచ్చింది. తీసుకున్నడు. ఎచ్చగున్నది.

ఏటవాలు తొవ్వల దిగిండు. పది అడుగులకు పైవెలుగు పోయింది. తడిసిన కట్టెల వాసన, పాత నీళ్ల వాసన. చుక్క... చుక్క... ఎక్కడ్నో కారుతున్నది. ముందట చానా దూరంల ఒక దీపం ఊగుకుంట పోతున్నది. దొర మనిషే అనుకున్నడు. సార్ అని పిలిచిండు. దీపం ఆగింది. ఎల్లేశం నడిస్తె అదీ నడిచింది. ఆగితె ఆగింది. ఎనుకకు తిరిగి చూసిండు.

ఎనుక తొవ్వ లేదు. చీకటే ఉన్నది.

మూల తిరిగిండు. టబ్బుల పట్టాలు. ముందటి దీపం కిందికి దిగి ఆగిపోయింది, కూసున్న మనిషి నెత్తి ఎత్తుల. మనిషే. మోకాళ్లు దగ్గరికి తీసుకొని, తల వంచి, పండి ఉన్నడు. ఏ జాగ అదో ఎల్లేశానికి తెలిసింది. తెలిసిన జాగ తెల్వనట్టు నటించుడు వానికి అలవాటే. గొంతు పెద్దది చేసుకొని, డ్యూటీల పండేది ఎవడ్రా అన్నడు. ఆ గొంతు గోడలకు తాకి, సన్నగై, ఏడుపు తీరుగ వానికే తిరిగొచ్చింది.

మనిషి కదలలేదు.

వద్దు... అన్నది లోపల ఏదో. చెయ్యి వినలేదు. అలవాటైన చెయ్యి. పోయి భుజం మీద పడ్డది. రెండుసార్లు ఊపింది.

మనిషి తలెత్తిండు. దీపం కండ్లల కొట్టింది, ముఖం కనవడలేదు.

"ఏ షిఫ్టు?" అన్నడు మెల్లగ.

ఎల్లేశం నోరు తెరిచిండు. ఇప్పుడైనా చెప్పొచ్చు. నీది కాదు, అబద్ధమాడిన, మంచం కోసం లేపిన అని. నాలుగు మాటలు. నోట్లకెళ్లి గాలే వచ్చింది.

"నాది అయిపోయిందా మరి?" అన్నడు ఆ మనిషి. ఎదురుచూసిండు. లేచిండు, పంచె దులుపుకున్నడు. కోపం లేదు. అలిసిపోయినోని తీరుగ, పక్కకు జరిగి, తాను కూసున్న జాగ చూపెట్టిండు.

ఎల్లేశం ఉరుకుదామనుకున్నడు. కాళ్లల నిద్ర. పాదాల కాడ మొదలై, పిక్కలల్లకు, తొడలల్లకు... నెల దినాల నిద్ర ఒక్కసారి వచ్చి మీద పడ్డది. మోకాళ్లు మడుచుకున్నయి. కూసున్నడు. నేల ఎచ్చగున్నది. కంటి ముందటనే ఆ దీపం ఊగుకుంట పైకి పోయింది, చిన్నగైంది, ఆరింది. తర్వాత పైన, చానా పైన, కూత వేసింది. అది ఏ కూతనో ఎల్లేశానికి తెల్వలేదు.

సోమవారం ఐదింటికి తోమాసు మాట ప్రకారం వచ్చిండు. ఎల్లేశం మంచం మీద పండి ఉన్నడు. తెల్లంగి కొయ్యకు తగిలేసినట్టే ఉన్నది, మడత నలగలేదు. పిలిచిండు. ఊపిండు. ముఖం మీద నీళ్లు కొట్టిండు. లేవలేదు. ఊపిరి మంచిగనే ఉన్నది. లస్మవ్వ నిన్న మాపటినుంచి దర్వాజలనే పండిన, వీడు అర్ర దాటలేదని ఒట్టేసింది. బాయి కాడి వాచ్‌మన్ ఆదివారం చీమ సుత రాలేదన్నడు. మరి కూత? కూతెక్కడిది, సెలవునాడు ఎవలేస్తరన్నడు.

పరీక్ష ఇంకొకడు పాసైండు. ఎల్లేశాన్ని దవాఖానల ఏసిండ్రు. డాక్టరు సూదులు వేసిండు, కాళ్లు గిల్లిండు, ఇట్లాంటిది చూడలేదన్నడు. గేటుకాడోళ్లకు పండుగ. సర్దార్ గారు పరీక్షల పండిండ్రట అని చెప్పుకొని నవ్వుకున్నరు. చూసేందుకు తోమాసు తప్ప ఒక్కడు పోలేదు. నాకైతె వాని మీద జాలి రాలేదు. ఉన్నమాటే చెప్తున్న.

ఇరవయ్యో రోజు తోమాసు సారవ్వను పిలిపిచ్చిండు. ఎందుకు పిలిపిచ్చిండంటె ఆయన సుత సరిగ చెప్పలేకపోయిండు. ఎవలు లేపినా లేవని మనిషిని లేపే నేర్పు నీకున్నది కదా చెల్లె అన్నడట. ఆమెకు రాబుద్ధి కాలేదు. అయినా వచ్చింది. దవాఖానల మంచం దాక నడిచింది. ఎల్లేశం కాళ్లకాడికి పోయింది. ఆమె ముత్యాన్ని లేపే తీరు ఒకటే. పేరు పెట్టి పిలవదు, భుజం ఊపదు. కాలి బొటనవేలు పట్టి, పిల్లల వేలు పట్టుకున్నట్టు, కొంచెంసేపు ఒత్తుతది. గట్లనే ఒత్తింది.

ఎల్లేశం కండ్లు తెరవలేదు. పెదవులు కదిలినయి.

"సారీ... బర్రెకు గడ్డేసినవా?"

ఆమెను సారి అని పిలిచేటోడు లోకంల ఒక్కడే ఉండె. గొంతు ఎల్లేశానిదే. మాట ఎల్లేశానిది కాదు. సారవ్వ వేలు ఇడవలేదు. పక్కకు దీపం తెస్తున్న నర్సు లిడియా అక్కడ్నే ఆగిపోయింది.

"ఏసిన" అన్నది సారవ్వ. గుసగుసగ అడిగింది. "నిన్ను ఎవలు లేపిండ్రు?"

"ఎల్లేశం. షిఫ్టు మారిందన్నడు."

"వాడేడున్నడు?"

"బాయిల. వాని షిఫ్టు ఇంక అయిపోలె." ఊపిరి పొడుగ్గ తీసి, పక్కకు ఒత్తిగిల్లిండు. "ఇంకొంచెంసేపు పండనియ్యి సారీ. మస్తు నిద్రొస్తున్నది."

సారవ్వ చెద్దరు మెడ దాక కప్పింది, అంచులు దూర్చింది. కండ్ల నీళ్లు రాలేదు. పోయేటప్పుడు లిడియా పక్కన ఆగి, ఒక్క మాట చెప్పింది.

"ఈయనను ఎవలు లేపకుండ్రి అక్కా."

తెల్లారి లిడియా ఎప్పటిలెక్కనే ఎల్లేశం పెయ్యి తుడిచింది. ముఖం తుడిచింది, మెడ తుడిచింది. చేతులు తుడుద్దామని మూసుకున్న పిడికిళ్లు ఇప్పింది. ఇరవై ఒక్క రోజు కదలని చేతులు అవి. అరచేతులల్ల నిండ పార పట్టినోని కొత్త బొబ్బలు. కొన్ని పగిలి ఉన్నయి, నెత్తురు ఇంక ఆరలేదు.